వినలేనివారు మాట నేర్పగలరా?

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 4:10–16, మార్కు 7:31–37, 1 కొరింథీయులకు 12:14–26



మండుచున్న పొదయొద్ద దేవుడు మోషేను పిలిచినప్పుడు అతడు వెనుదీసి చెప్పిన సాకులలో ఒకటి తన నోటిని గూర్చినది. తాను మాటనేర్పరి కాననియు, తన నాలుక బరువనియు అతడు విన్నవించుకొనెను. ప్రభువు ఆ మాటను కాదనలేదు. నీవు చక్కగానే మాటాడుదువని బుజ్జగింపలేదు. ఆ నాలుకను అప్పటికప్పుడు బాగుచేయనూ లేదు. మనుష్యునికి నోరిచ్చినవాడెవడో, వినువానిని వినలేనివానిని కలుగజేయువాడెవడో జ్ఞాపకము చేసి, నోటికి తోడైయుందునని చెప్పెను. అప్పటికిని మోషే జంకగా, అన్నయైన అహరోనును జతపరచెను. ఇశ్రాయేలును విడిపించు పని మాత్రము నాలుక బరువైనవాని చేతిలోనే యుంచెను.

ఈ వాక్యమును ముందుంచుకొని ఈ నెల మేమొక ప్రశ్నను విచారింపగోరుచున్నాము. అది పండితుల గోష్ఠిలో పుట్టినది కాదు. మా ఆత్మకూర్ (ఎస్) ప్రాంతపు సంఘములోనే పుట్టినది. చిన్ననాటి జ్వరముచేత వినికిడి చాలవరకు పోగొట్టుకొనిన యొక యువతి, చెవి మిషను సాయముతోను, ఎదుటివారి పెదవులను కనిపెట్టుచును చదువుకొని, బై.పి.సి.తో ఇంటర్మీడియటు ముగించి, స్పీచ్ థెరపీ చదువవలెనని ఆశించినది. ఫీజు విషయమై సంఘ సహాయము కోరుచు ఆమె తండ్రి పెద్దల యెదుటికి వచ్చెను. ఒక పెద్ద దయతోనే, “అమ్మాయికి మరి యే చదువైనను చెప్పింతము. కాని తనకే సరిగా వినబడనిది పరులకు మాట యెట్లు నేర్పును? గ్రుడ్డివాడు గ్రుడ్డివానికి త్రోవ చూపినట్లు కాదా?” అనెను. అక్కడనే యున్న యొక తల్లి, “నా బిడ్డకే మాట రాకపోయినచో అట్టి టీచరమ్మ యొద్దకు నేను పంపుదునా?” అని తన్ను తాను అడుగుకొనినట్లు పైకే అనెను. ఈ రెండు మాటలును ద్వేషముతో పలికినవి కావు. కనుకనే వాటికి తొందరపడి జవాబు చెప్పుట తగదు.

1. వాక్యమును సరిగా విడదీయుట

మొదట ఆ పెద్ద యెత్తిన వాక్యమును చూతము. గ్రుడ్డివాడు గ్రుడ్డివానికి దారి చూపుటను గూర్చి ప్రభువు చెప్పిన మాట మత్తయి 15:14లోను, లూకా 6:39లోను ఉన్నది. మత్తయిలో ఆ మాట ఎవరిని గూర్చి పలుకబడినది? కన్నులు లేని భిక్షగాండ్రను గూర్చి కాదు. కన్నులు బాగుగానున్న పరిసయ్యులను గూర్చి. తమకు కనబడుచున్నదని చెప్పుకొనుటయే వారి గ్రుడ్డితనమని యోహాను 9వ అధ్యాయము చివర ప్రభువు తేటపరచెను. శరీరములో లోపము గలవాడు తన లోపమును ఎరిగి నడచును, చేతికఱ్ఱ పట్టుకొనును, ప్రక్కవానిని అడుగును. తనకు లోపమే లేదనుకొనువాడే గుంటలో పడును, వెంట వచ్చువారినిని పడద్రోయును. కాబట్టి ఈ వాక్యమును వికలాంగులకు ఎదురుగా నిలుపుట వాక్యమును వంకర చేయుటయే.

మన భాషలో మరియొక సామెత కలదు. చెవిటివాని ముందు శంఖమూదినట్లని దినమునకు పదిమార్లందుము. అని నవ్వుదుము. ఆ సామెతలో తప్పెవరిదో ఎన్నడైనను ఆలోచించితిమా? వినలేనివానిదా? లేక అతడు వినలేడని తెలిసియు, మరియొక దారి వెదుకక, శంఖమునే ఊదుచు నిలిచినవానిదా? చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19:14 ఆజ్ఞాపించుచున్నది. తిట్టినను అతనికి వినబడదు గదా, నష్టమేమియని మనుష్యులనుకొందురు. ఆ తిట్టును దేవుడు వినుచున్నాడని ఆ వాక్యము మనలను హెచ్చరించుచున్నది.

2. ఆ పని యెట్టిది?

స్పీచ్ థెరపిస్టు పని యెట్టిదో తెలియకయే అది ఎవరు చేయగలరో తీర్పు తీర్చుట న్యాయము కాదు. మన పల్లెలలో బిడ్డకు రెండేండ్లు నిండినను మాట రానిచో, తేనెతో వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుదురు. “తండ్రికి కూడ ఆలస్యముగానే మాట వచ్చినది, వీనికిని వచ్చును” అని అవ్వ చెప్పును. అనేక పర్యాయములు లోపము నాలుకలో లేదు, చెవిలోనున్నది. బిడ్డ వినలేదు గనుక పలుకలేదు. వస నాలుకను మండించునే గాని చెవిని తెరువదు. ఈ విధముగా జరిగిపోవు సంవత్సరములే బిడ్డ మెదడు భాషను పట్టుకొనుటకు అత్యంత విలువైనవి.

వినికిడి లోపము గల పిల్లలకు పలుకు నేర్పుట ఆ చికిత్సలో ఒక భాగము మాత్రమే. నత్తి గలవారికి సాయపడుట, గ్రహణమొఱ్ఱితో పుట్టి ఆపరేషను జరిగిన బిడ్డకు స్పష్టముగా పలుకుట నేర్పుట, పక్షవాతము వచ్చి మాట పడిపోయిన పెద్దవానికి మరల పదములు కూర్చుట, అట్టివానికి మింగుడు పడక అన్నము ఊపిరి గొట్టములోనికి పోకుండ కాపాడుట, గొంతు చెడిన ఉపాధ్యాయునికి స్వరమును పొదుపుగా వాడుట నేర్పుట, ఎన్నడును నోటితో మాటాడలేని బిడ్డకు బొమ్మల పలక ద్వారా తన ఆకలిని, నొప్పిని తెలుపుట నేర్పుట, ఇవన్నియు ఆ పనిలో చేరినవే.

మన దేశమున ఈ పని చేయువారు నాలుగేండ్ల డిగ్రీ చదివి, అందులో ఒక యేడు ఆసుపత్రిలో పని నేర్చుకొని, 1992 నాటి చట్టము చొప్పున రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకొనవలెను. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ చదువునకు పేరుగన్నది. మనకు దగ్గరలో సికింద్రాబాదు నందు అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ యొక్క ప్రాంతీయ కేంద్రమున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైగాను, మాట లోపము గలవారు సుమారు 20 లక్షల మందియు నుండిరి. ఇంత కోతకు కూలివారు కొద్దిమందియే. అట్టిచో, వచ్చెదనన్న కూలివానిని గట్టుమీదనే నిలిపి పంపివేయుటకు తగిన కారణముండవలెను.

3. కన్నును చేయియు చేయు పని

పాట, బాట, మాట: ఈ మూడు మాటలను అద్దము ముందు నిలిచి పలికి చూడుడు. పెదవులు మూడింటికిని ఒక్క తీరుగనే మూసికొని తెరచుకొనును. పెదవులను చూచుటతోనే సరిపెట్టుకొనువాడు వీటిని వేరుపరుపలేడు. ఇప్పుడు గొంతుమీద వ్రేళ్లుంచి, ఆ మొదటి అక్షరమును మాత్రము నొక్కి పలుకుడు. ‘బ’ వద్ద గొంతు అదరును, ‘ప’ వద్ద పెదవులు విడువడువరకు అదరదు. ముక్కుమీద వ్రేలుంచుడు. ‘మ’ వద్ద ముక్కు అదరును. నోటియెదుట పలుచని కాగితపు ముక్క పట్టుకొని ‘ప’ యనియు ‘ఫ’ యనియు ఒత్తి పలుకుడు. రెండవదానికి కాగితము ఎగురును. వినబడని భేదమును చేయి చెప్పును, కన్ను చెప్పును. చెవిటిబిడ్డకు మాట నేర్పు గురువులు తరతరములుగా వాడుచున్న ఉపాయములివియే.

వినగలవారు ఈ సంగతులను పుస్తకములో నేర్చుకొందురు. వినలేనివాడు వీటితోనే బ్రదుకును. ‘మ’ ఎక్కడ అదరునో, ‘ళ’కు నాలుక ఎంత వెనుకకు మడవవలెనో, ‘క’ గొంతులో దాగి కన్నునకు ఏల చిక్కదో అతడు ఒక్కొక్కటిగా కష్టపడి సంపాదించెను. మనకు ఉచితముగా వచ్చిన దానిని మనము విడమరచి చెప్పలేము. కొని తెచ్చుకొనినవాడు వెలతో సహా చెప్పగలడు.

హెలెన్ కెల్లరు చూపును వినికిడియు లేనిదైనను, 1890లో సారా ఫుల్లరు అను ఉపాధ్యాయురాలి ముఖమును, పెదవులను చేతితో తడవి తెలిసికొని పలుకుట నేర్చుకొనెను. అంతకు మూడేండ్ల ముందు, 1887లో, ఆమె యింటికి వచ్చి ఆమెకు లోకమును తెరచిన గురువు ఆన్ సలివన్. ఆమె కన్నులు బాల్యమునుండి జబ్బుపడి, సగము చూపుతోనే బ్రదికినది. చూపు తక్కువైనవారు గ్రుడ్డిపిల్లకు గురువు కాకూడదని ఆనాడు ఎవరైన నియమము చేసియుండినచో లోకమెంత పోగొట్టుకొనియుండునో!

నత్తి విషయములోను ఇట్టిదే జరిగినది. అమెరికాలో నత్తి చికిత్సకు శాస్త్రరూపమిచ్చిన వారిలో ప్రముఖుడైన ఛార్లెస్ వాన్ రైపరు తానే నత్తిచేత నలిగినవాడు. 1936లో అతడు మిచిగన్ రాష్ట్రమున చికిత్సాలయమును స్థాపించెను. తన నత్తి మాయమైన తరువాత అతడు గురువు కాలేదు. దానితో భయము లేక బ్రదుకుట నేర్చుకొని గురువాయెను. దేవుడు మనలను ఆదరించిన ఆదరణతోనే పరులను ఆదరింపగలమని పౌలు 2 కొరింథీయులకు 1:4లో వ్రాసినది ఇట్టి అనుభవమునే.

4. చెవి కావలసిన చోటు

ఇంతవరకు చెప్పినది విని, ఇక అడ్డేమున్నదని కొందరనుకొనవచ్చును. కాని ఆ తల్లి మాటకు మేమింకను జవాబు చెప్పలేదు. ఆమె భయము పనికిమాలినది కాదు.

ఈ కాలమున పుట్టుచెవిటి బిడ్డలకు కాక్లియర్ ఇంప్లాంటు అను పరికరమును శస్త్రచికిత్సతో లోచెవిలో అమర్చుచున్నారు. అది లక్షల రూపాయల ఖర్చు. 2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకములో దానిని చేర్చినందున బీదల బిడ్డలకును అది అందెను. అయితే ఆపరేషనుతో పని ముగియదు. ఆ పరికరమిచ్చు శబ్దమును అర్థము చేసికొనుట బిడ్డ మెదడునకు నెలల తరబడి నేర్పవలెను. అందులో ఒక పద్ధతి ప్రకారము గురువు తన పెదవులు కనబడకుండ చేసి మాటాడును. బిడ్డ చెవితోనే పట్టుకొనవలెను. బిడ్డ తిరిగి పలికినదానిలో ‘స’ స్పష్టముగా వచ్చెనా, ‘శ’గా జారెనా, స్వరము ముక్కులో పలికెనా అని గురువు ఆ క్షణముననే పట్టుకొని సరిదిద్దవలెను. బొత్తిగా వినలేనివాడు ఈ పనిని ఒంటరిగా చేయజాలడు. చేయగలడని చెప్పుట దయ కాదు, అసత్యము. కంప్యూటరు తెరమీద ధ్వనిని రేఖలుగా చూపు యంత్రములున్నవి. అవి సాయపడును గాని ప్రతి క్షణమును చెవికి బదులు నిలువలేవు.

గురువునకు ఉద్యోగము దొరకుట మంచిదే. కాని బిడ్డ మన దయకు మెట్టు కాకూడదు. గడచిపోయిన ఏండ్లను బిడ్డకు తిరిగి తెచ్చి ఇచ్చువారెవరును లేరు. కాబట్టి ఈ విషయములో మొదటి హక్కు బిడ్డది, రెండవది గురువుది. ఈ క్రమమును తారుమారు చేయు న్యాయమును మేమొప్పుకొనము.

అయినను ఇక్కడ రెండు సంగతులు గమనింపవలెను. ఒకటి: చెవిటితనమంతయు ఒక్క తీరు కాదు. రెండు చెవులలోను 70 డెసిబెళ్లు, అంతకు మించిన నష్టము గలవారిని బధిరులనియు, 60 నుండి 70 వరకు గలవారిని వినికిడి మందమైనవారనియు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విభజించినది. చెవి మిషనుతో గాని ఇంప్లాంటుతో గాని వీరిలో అనేకులు ఎంతో వినగలరు. ఎవరు ఏ ధ్వనిని వినగలరో పరీక్షించి తెలిసికొనవచ్చును. పేరు చూచి నిర్ణయింపనక్కరలేదు. రెండు: ఒక పనిలో ఒక భాగము చేయలేనివాడు ఆ పనికే పనికిరాడని చెప్పినచో, మనలో ఎవరు నిలుతురు? ఎముకల డాక్టరు కన్నుల ఆపరేషను చేయడు. అతనిని డాక్టరు కాడని మనమందుమా?

5. ఒకమారు మూయబడిన తలుపు

ఈ ప్రశ్న లోకమునకు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశమున 1785లో పుట్టిన లోరాన్ క్లెర్కు పసితనముననే వినికిడి కోల్పోయి, పారిసు బధిర పాఠశాలలో చదివి అక్కడనే గురువాయెను. అమెరికా పాదిరియైన థామస్ గాలొడెట్టు అతనిని తోడ్కొని పోగా, వారిరువురును 1817లో హార్ట్‌ఫర్డు పట్టణమున బధిరుల పాఠశాలను తెరచిరి. పాదిరికి చెవియున్నది, క్లెర్కునకు సంజ్ఞాభాషయు అనుభవమును ఉన్నవి. మోషే అహరోనులవలె ఇరువురును కలిసి ఒక పనివారైరి.

అటుతరువాత 1880లో ఇటలీలోని మిలాను నగరమున బధిర విద్యనుగూర్చిన మహాసభ కూడినది. 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. పాఠశాలలలో సంజ్ఞలు మాని నోటిమాట మాత్రమే నేర్పవలెనని ఆ సభ తీర్మానించెను. దాని ఫలితమేమి? బధిరులైన ఉపాధ్యాయులు ఒకరి వెంట ఒకరు బడులనుండి తొలగింపబడిరి. నోటిమాట రాని పిల్లలు మాటయు లేక, సంజ్ఞయు లేక మిగిలిరి. 130 సంవత్సరముల తరువాత, 2010లో వాంకూవరున కూడిన అదే మహాసభ ఆ తీర్మానములను త్రోసిపుచ్చి విచారము తెలిపెను. ఎవరి జీవితమునుగూర్చి తీర్మానించుచున్నారో వారినే సభలో కూర్చుండబెట్టని తీర్మానము ఇట్లే పరిణమించును. మన సంఘ కమిటీలు దీనిని మరువకూడదు.

మిషను వారి చరిత్రలో మంచి సాక్ష్యములును గలవు. తమిళదేశపు పాళయంకోట్టైలో 19వ శతాబ్దపు చివరి దశకమున ఫ్లారెన్సు స్వైన్సన్ అను మిషనరీ స్త్రీ మొదలుపెట్టిన బధిర పాఠశాల ఆమె పేరనే ప్రసిద్ధి చెందినది. సువార్త చెవిద్వారా మాత్రమే వచ్చునని ఆమె యెంచియుండినచో ఆ బడి పుట్టియుండెడిది కాదు. వినుటవలన విశ్వాసము కలుగునని రోమీయులకు 10:17 చెప్పుచున్నది నిజమే. అయితే అక్కడ వినుటయనగా క్రీస్తు వర్తమానమును అందుకొనుట. జెకర్యా నోరు మూయబడినప్పుడు జనులు అతనికి సైగలు చేసిరి, అతడు పలకమీద వ్రాసెను. యోహాను పేరు ఆ పలకమీదనే స్థిరపడెను (లూకా 1:62–63).

6. న్యాయస్థానముల మాట

నేటి మన దేశపు చట్టము కూడ ఈ దారినే నడచుచున్నది. 2016 నాటి చట్టము ప్రభుత్వ కొలువులలో వికలాంగులకు 4 శాతము కేటాయించి, అందులో 1 శాతము వినికిడి లోపము గలవారికిచ్చెను. పనిచేయుటకు కావలసిన తగుమాత్రపు ఏర్పాట్లు చేయవలెననియు విధించెను. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అను బధిర న్యాయవాది సంజ్ఞాభాషా అనువాదకుని తోడుతో సుప్రీముకోర్టులో హాజరాయెను. న్యాయవాది పని నోటితో చేయుపని యని మనమెల్లరము అనుకొనియుంటిమి! 2024 అక్టోబరులో, మాటలోపము 44, 45 శాతమున్న యొక విద్యార్థి వైద్యవిద్యకు అర్హుడా యను వ్యాజ్యెములో, లోపపు శాతమును చూచినంత మాత్రమున త్రోసివేయరాదనియు, ఆ చదువును అతడు చదువగలడా లేదా యని పరీక్షింపవలెననియు ఆ కోర్టు తీర్పు చెప్పెను. 2025 మార్చిలో, చూపులేని కారణముచేతనే ఎవరికిని న్యాయాధికారి పదవి నిరాకరింపరాదని కూడ చెప్పెను.

చట్టము మనస్సును మార్చదు. అయినను కోర్టు అడుగుమన్న ప్రశ్నయే మంచి ప్రశ్న: ఈ మనుష్యునికి ఏమి లేదు అని గాక, ఈ పనికి ఏమి కావలెను, తగిన తోడుతో ఇతడు దానిని చేయగలడా అని. పొదయొద్ద దేవుడు మోషే విషయమున నడచిన క్రమమును ఇదియే.

7. ప్రభువు పద్ధతి

దెకపొలి ప్రాంతమున చెవుడును నత్తియు గల యొకనిని ప్రభువునొద్దకు తెచ్చిరి. ప్రభువు చేసినదంతయు మెల్లగా చదువుడు. మొదట అతనిని జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయెను; సభలో వానిని వింతగా నిలువబెట్టలేదు. తన వ్రేళ్లు అతని చెవులలో నుంచెను. ఉమ్మివేసి అతని నాలుక ముట్టెను. ఆకాశమువైపు కన్నులెత్తెను. నిట్టూర్పు విడిచెను. ఇవన్నియు ఒక్క మాటయైన పలుకకమునుపు చేసినవి. వినలేనివానితో ప్రభువు మొదట కంటికి కనబడునట్లును, ఒంటికి తగులునట్లును మాటాడెను. ఏ చెవి, ఏ నాలుక బాగుపడనైయున్నదో, సహాయమెక్కడనుండి వచ్చునో అతనికి అర్థమగునట్లు అతని భాషలోనే చెప్పెను. ఆ తరువాతనే “తెరువబడుము” అను అర్థమిచ్చు మాట పలికెను.

బధిరుడైన చికిత్సకుడు వినగల చికిత్సకునికంటె సులభముగా ఇయ్యగలది ఇక్కడనే యున్నది. చెవిటిబిడ్డలలో అధికభాగము వినగల తలిదండ్రులకే పుట్టుదురు. తనవంటి పెద్దవారిని ఆ బిడ్డ ఎన్నడును చూచియుండడు. తన బ్రదుకు ఎట్లుండునో వానికి తెలియదు, తలిదండ్రులకును తెలియదు. చెవి మిషను పెట్టుకొనిన టీచరమ్మ తలుపు తీసి లోనికి రమ్మనగానే, పాఠము ఆరంభము కాకముందే ఆ తల్లికి సగము జవాబు దొరకును. మరియు నోటిమాట ఎంత వచ్చినను రాకున్నను నీవు సంపూర్ణమైన మనుష్యుడవే, సంజ్ఞాభాష కూడ నిజమైన భాషయేయని, ఆ బిడ్డ నమ్మునట్లు చెప్పగలది ఆమెయే. 2015లో ఢిల్లీయందు స్థాపింపబడిన భారతీయ సంజ్ఞాభాషా కేంద్రము ఆ భాషకు 10,000 పదముల నిఘంటువును కూర్చినది. బధిరులే గురువులుగా ఆ భాషను నేర్పుటకు డిప్లొమా చదువును గలదు.

ఇందులో ఒక హెచ్చరికయు నవసరము. బాధపడినంత మాత్రమున ఎవరును వైద్యులు కారు. ఓర్పులేని బధిరుడు ఓర్పులేని గురువే యగును. లోపము అర్హతను తీసివేయదు. అర్హతను ఇయ్యనూ ఇయ్యదు. చదువు, పరీక్ష, పనిలో నమ్మకత్వము అందరికిని ఒక్కటే.

8. మా తీర్పు

కాబట్టి మా మాట ఇది. వినికిడి లోపము గలవారు స్పీచ్ థెరపిస్టులు కాగలరు. తాము ఏమి వినగలరో ఏమి వినలేరో దాచక చెప్పవలెను. చెవి తప్పనిసరియైన పనిలో వినగల తోడివానిని ప్రక్కన నిలుపుకొనవలెను, లేక ఆ బిడ్డను అట్టివాని యొద్దకు పంపవలెను. మిగిలిన విస్తారమైన పనిలో వారిని ఎవరును అడ్డగింపకూడదు. శరీరమంతయు చెవియైనచో వాసన చూచుట ఎక్కడయని పౌలు అడిగెను (1 కొరింథీయులకు 12:17). శరీరములో చెవి లేని అవయవములే అనేకము. వాటిలో ఏదియు నిరర్థకము కాదు.

పెద్దలు ఆ యువతికి సిఫారసు పత్రిక ఇచ్చుటకును, మొదటి యేడు ఫీజులో కొంత భాగము సంఘ నిధినుండి చెల్లించుటకును సమ్మతించిరి. తల్లి ప్రశ్నను మాత్రము మేము త్రోసివేయలేదు. పట్టా చేత పట్టుకొని ఆమె తిరిగి వచ్చినప్పుడు, ఏ బిడ్డకు ఏమి చేయగలదో ఆమెయే ఆ తల్లికి చెప్పవలెను. తల్లి చూచి నిర్ణయించుకొనవలెను. నమ్మకమును ఆజ్ఞాపింపలేము గదా.

అహరోనులగుట మన వంతు. పేరు పిలిచినను, పళ్లెము మ్రోగినను తిరిగి చూడని శిశువును వసకొమ్ముతో సరిపెట్టక సూర్యాపేట పెద్దాసుపత్రికి తీసికొనిపోయి చెవి పరీక్ష చేయింపుడు. బడి యీడు పిల్లలకు మండలములోని భవిత కేంద్రమును గూర్చి తలిదండ్రులకు చెప్పుడు. ఆరాధనలో వినలేనివారికి ముందు వరుస విడువుడు. ప్రసంగించువారు పుస్తకముతో నోరు కప్పుకొనకుడి. వాక్యభాగమును, ముఖ్యాంశములను పలకమీద వ్రాయుడు. యువజనులలో ఇద్దరైనను సంజ్ఞాభాష నేర్చుకొనుడి. “చెవిటోడా, మూగోడా” యను పిలుపును మన యిండ్లనుండి తీసివేయుడు. ప్రతివానికిని బాప్తిస్మములో ఒక పేరున్నది.

ప్రార్థన: నోటిని చెవిని కలుగజేసిన తండ్రీ, మాలో బలహీనముగా కనబడువారికి నీవిచ్చిన పనిని మేము లాగికొనకుండ మమ్మును కాపాడుము. మాట రాని బిడ్డలను, వారి తలిదండ్రులను ఆదరించుము. చేయగలిగినదానిని ధైర్యముతో చేయుటకును, చేయలేనిదానిని సత్యముతో ఒప్పుకొనుటకును, ఒకరికొకరము తోడగుటకును మాకు నేర్పుము. నిట్టూర్పుతో ఆ చెవిటివానిని ముట్టిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.